పాత చింతకాయ పచ్చడి

మన భాషలో అన్యాయానికి గురి అయిన మాటలు కొన్ని ఉన్నవి. "పాత చింతకాయ పచ్చడి" అనేది వాటిలో ఒకటి. పెద్దలెవరైనా నాలుగు మంచిమాటలు చెప్పబోతే, వినే ఓపిక లేనివారు "అదంతా పాత చింతకాయ పచ్చడి" అని తీసిపారవేస్తారు. తెలుగు పంతులుగారు సంధిసూత్రం మూడవమారు చెప్పినా, వార్షికోత్సవ సభలో వక్త నిరుటి ఉపన్యాసమే మళ్ళీ అప్పగించినా, వెనుక బెంచీలలో నుంచి ఈ మాటే వినవస్తుంది. పాతబడినది, పస తగ్గినది, పదిమారులు విని విసుగెత్తినది అని దాని తాత్పర్యం.

ఈ మాట అన్నవారు ఇంటికి వెళ్ళి వంటింటిలో విచారిస్తే వేరొక సంగతి తెలుస్తుంది. జ్వరపడి లేచినవాడికి నోరు చేదుగా ఉండి ఏదీ సయించనప్పుడు, పథ్యపు అన్నంలోకి ఇల్లాలు వెదికి తీసేది ఈ పచ్చడినే. బాలింతరాలికి పెట్టేదీ ఇదే. అదీ ఈ సంవత్సరం పెట్టిన కొత్త పచ్చడి కాదు; రెండేళ్ళో మూడేళ్ళో జాడీలో ఉండి, పచ్చదనం పోయి నల్లబడిన పాత పచ్చడి. ఇంట లేకపోతే ఇరుగుపొరుగువారిని అడిగి చిన్న గిన్నెలో తెచ్చుకోవటం మన ఊళ్ళలో పరిపాటి. భాష ఎగతాళికి వాడుకొన్న వస్తువును వంటిల్లు మందువలె దాచుకొన్నదన్నమాట. ఈ రెండు తీర్పులలో ఏది సరియైనదో కొంచెం నిదానంగా విచారించవలసి ఉన్నది.

ఊరటం అనే పని

సంక్రాంతి పండుగకు ముందువెనుకలుగా చెట్టున చింతకాయ ముదురుతుంది. పండబారక ముందే కోసిన కాయలను కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, రోట్లో వేసి, కల్లుప్పు, పసుపు చేర్చి కచ్చాపచ్చాగా దంచుతారు. జాడీకి ఎత్తి మూడవనాడు బయటికి తీసి, పీచు, ఈనెలు, గింజలు ఏరివేసి మళ్ళీ నూరుతారు. అటుపిమ్మట జాడీలో గాలి చొరకుండా గట్టిగా అదిమి, మూతపెట్టి, పైన గుడ్డతో వాసెన కట్టి, వెలుతురు తగలని మూల ఉంచుతారు. కావలసిననాడు నిమ్మకాయంత ముద్ద తీసి, ఎండుమిరపకాయలతో, మెంతులు ఇంగువల పోపుతో నూరుకొంటారు. తడిచేయి తగలరాదు, తడిగరిటె పెట్టరాదు అనే కట్టుబాట్లు మడి ఆచారంలో భాగంగా కనిపించినా, నిజానికి అవి పదార్థశాస్త్ర నియమాలే.

"ఊరగాయ" అనే మాటలోనే ఈ శాస్త్రమంతా ఇమిడి ఉన్నది. ఊరిన కాయ ఊరగాయ. చెలమలో నీరు ఊరుతుంది. తల్లికి పాలు ఊరుతవి. మామిడిముక్కను తలచుకొంటే నోరు ఊరుతుంది. వీటిలో వేటికీ బయటినుంచి ఎవరూ తెచ్చి పోయటం లేదు. లోపల ఉన్నదే తన వేళకు తాను పైకి వస్తున్నది. కాయకు ఉప్పు పట్టించినప్పుడు జరిగేదీ అదే. కాయలోని నీరు ఉప్పు ఎక్కువగా ఉన్నవైపుకు కదలి బయటికి వస్తుంది. ఉప్పు కాయలోనికి ప్రవేశిస్తుంది. దీనినే విజ్ఞానశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు ద్రవాభిసరణమంటారు. పదార్థాన్ని కుళ్ళజేసే సూక్ష్మజీవులకు వాడుకొనేందుకు నీరు చాలదు. పైగా పులుపూ ఉప్పూ కలిసి వాటిని నిలువనీయవు. ఇక మిగిలేవి మిక్కిలి మెల్లగా సాగే రసాయనిక మార్పులు మాత్రమే. వాటివల్ల రంగు మారుతుంది, పులుపులోని కరుకుదనం మెత్తబడుతుంది, విడివిడిగా నాలుకకు తగిలిన ఉప్పు, పులుపు, వగరు ఒకదానిలో ఒకటి కలిసిపోతవి.

అదే జాడీలో ఒక్కనాడు తడిగరిటె పెట్టి, మూత సరిగా వేయక విడిచిపెడితే, కొద్దిరోజులలో పైన తెల్లని పొర కడుతుంది. బూజు పట్టినదంటాము. ఇదీ కాలం చేసిన పనియే. కాని ఇది చెడటం, అది పండటం. మన భాషలో ఈ రెండింటికీ రెండు మాటలు ఉన్నవి. అయినప్పటికీ "బూజు పట్టిన భావాలు" అన్నా, "పాత చింతకాయ పచ్చడి" అన్నా ఒకటే అర్థంగా వాడుకొంటున్నాము. బూజు పట్టినదానికీ ఊరినదానికీ భేదం చూడకపోవటమే ఆ పచ్చడికి జరిగిన అన్యాయం.

ద్రాక్షకూ చింతకూ చుట్టరికం

కాలం పదార్థంపై చేసే పనిని మిక్కిలి శ్రద్ధగా కనిపెట్టి, ఏ ఏడు ఏ తోటలో పండిన పంట ఎట్లా మారినదో వ్రాసిపెట్టుకొన్నవారు పాశ్చాత్య దేశాలలో ద్రాక్షమద్యం, అనగా వైన్, తయారుచేసేవారు. విద్యార్థులు చదివే వ్యాసంలో ఈ ప్రసక్తి ఏమిటని ఉపాధ్యాయులు కనుబొమ్మలు ముడువనక్కరలేదు. మద్యపానాన్ని మెచ్చుకోవటం ఇక్కడి అభిప్రాయం కాదు. వారి నేలమాళిగలలోని సీసాకూ మన వంటింటి మూలనున్న జాడీకీ మధ్య ఉన్న చుట్టరికాన్ని చూపటమే ఉద్దేశం.

ఆ చుట్టరికం రసాయనశాస్త్రంలోనే ఉన్నది. ద్రాక్షమద్యం నిలువచేసిన పీపాల గోడలకు లోపలివైపున ఒక గట్టి పెచ్చు కడుతుంది. దానినుంచి స్వీడన్ దేశపు రసాయనజ్ఞుడు షీలే 1769 ప్రాంతంలో ఒక ఆమ్లాన్ని వేరుచేశాడు. అదే టార్టారిక్ ఆమ్లం. తరువాత 1848లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు ఈ ఆమ్లపు లవణాల స్ఫటికాలను సూక్ష్మదర్శినిలో చూచి, కుడిచేతికీ ఎడమచేతికీ ఉన్న భేదం వంటిది వాటిలో ఉన్నదని కనిపెట్టి, రెండు రకాలనూ ఓపికతో ఏరి వేరుచేశాడు. అణువులకు ఆకారమున్నదనే జ్ఞానానికి దారితీసిన పరిశోధనలలో అది ముఖ్యమైనది. సాధారణంగా పండ్ల పులుపుకు నిమ్మలోనూ ఆపిల్‌లోనూ ఉండే ఆమ్లాలు కారణం. టార్టారిక్ ఆమ్లం ప్రధానంగా గల పండ్లు బహుకొద్ది. అందులో ద్రాక్ష ఒకటి, చింత ఒకటి. ఆఫ్రికాలో పుట్టి మన దేశానికి వచ్చి స్థిరపడిన చెట్టును అరబ్బులు భారతదేశపు ఖర్జూరం అనే అర్థంలో "తమర్ హిందీ" అన్నారు. ఇంగ్లీషువారి పేరు ఆ మాటనుంచే పుట్టినది.

కొత్త ఎఱ్ఱ ద్రాక్షమద్యం నోటికి వగరుగా ఉంటుందంటారు. కరక్కాయ కొరికితే తెలిసే వగరు వంటిదే అది. సంవత్సరాలు గడిచేకొద్దీ ఆ వగరును కలిగించే పదార్థాలు ఒకదానితో ఒకటి ముడిపడి, బరువెక్కి, సీసా అడుగుకు మడ్డిగా దిగుతవి. ఎఱుపు ఇటుకరంగుకు తిరుగుతుంది. తెల్లనిది బంగారువన్నెకు తిరుగుతుంది. పచ్చిపండు వాసన పోయి, ఎండిన పండ్లను తలపించే వాసన వస్తుంది. ఇందుకు కావలసినవి చీకటి, కదలిక లేని చోటు, పన్నెండు పదమూడు సెంటిగ్రేడు డిగ్రీల చల్లదనం. బెండు బిరడా ఎండిపోయి గాలి చొరకుండా సీసాను పరుండబెట్టి ఉంచుతారు. మన ఇల్లాలు జాడీకి వాసెన కట్టి చీకటి మూల పెట్టటానికీ దీనికీ ఉద్దేశంలో భేదం లేదు. జార్జియా దేశస్థులైతే గ్రుడ్డు ఆకారపు పెద్ద మట్టిబానలను మెడవరకు భూమిలో పాతి, అందులోనే ద్రాక్షరసాన్ని పులియబెట్టి నిలువచేస్తారు. వారి ఈ పద్ధతిని 2013లో యునెస్కో మానవజాతి సంస్కృతీ సంపదల జాబితాలో చేర్చినది.

వీరందరూ ఒప్పుకొనే సత్యం ఒకటి ఉన్నది. ప్రపంచంలో తయారయ్యే ద్రాక్షమద్యంలో అధికభాగం కొద్ది సంవత్సరాలలోనే త్రాగివేయదగినది. దాచితే దాని గుణం పెరగదు, తగ్గుతుంది. దాచదగినది కొంచెమే. ఏది దాచదగినదో ముందుగా పోల్చుకోగలగటమే వారి విద్యలో కష్టమైన భాగం.

మన సముద్రతీరానికి సంబంధించిన ఉదాహరణ కూడా ఈ విషయంలో ఉన్నది. అట్లాంటిక్ మహాసముద్రంలో పోర్చుగీసువారి మదీరా దీవి ఉన్నది. ఐరోపానుంచి ఇండియాకు వచ్చే తెరచాప ఓడలు అక్కడ ఆగి మద్యం పీపాలను ఎక్కించుకొనేవి. భూమధ్యరేఖ దాటేటప్పటి ఉక్కలో, నెలల తరబడి ఓడ ఊగులాటలో ఉన్న ఆ మద్యం చెడకపోగా మరింత మేలైనదని వర్తకులు గమనించారు. ఆపైన కొన్ని పీపాలను కేవలం పండించటానికే రానుపోను ప్రయాణం చేయించి, ఎక్కువ వెలకు అమ్మేవారు. చెన్నపట్నంలోని కుంపిణీ దొరల బల్లలమీద మదీరాకు పెద్ద పేరు. అప్పుడు విశాఖపట్నంలో ఇంగ్లీషువారికి, భీమునిపట్నంలో డచ్చివారికి వర్తక స్థావరాలుండేవి. సాధారణమైన మద్యాన్ని చెరచే వేడిమియే మదీరాను పండించటానికి కారణమేమిటి? అది పుట్టుకలోనే గట్టి పులుపు గలది. దానికి తోడు ద్రాక్షసారా చేర్చి బలపరచినది. వేడిమి అందరికీ ఒకటే. తట్టుకొనే సత్తువ ముందుగా లోపల ఉన్నదా లేదా అనేదే భేదం.

ఏది దాచాలి, ఏది దాచరాదు

మన దేశపు కల్లును చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. తాటిచెట్టునుంచి, ఈతచెట్టునుంచి, మన్యంలో జీలుగుచెట్టునుంచి దిగే రసం దిగినప్పుడు తియ్యగా ఉంటుంది. గాలిలోని, కుండలోని సూక్ష్మజీవులు వెంటనే పని ప్రారంభిస్తవి. కొద్ది గంటలలో అది పులిసి కల్లవుతుంది. మరునాటికి పుల్లనై నోట పెట్టరాకుండా పోతుంది. అందుకనే తియ్యని నీరా కావలసినవారు కుండలోపల సున్నం పూస్తారు. ఎంత మంచి చెట్టైనా కల్లును దాచినవారు లేరు.

ఈ వివేకాన్ని మన వైద్యులు వెనుకటికే సూత్రబద్ధం చేశారు. శార్ఙ్గధర సంహితలో మందుల ఆయుర్దాయం చెప్పబడినది. చూర్ణాలు రెండు నెలలు దాటితే శక్తి తగ్గుతవి. గుళికలు, లేహ్యాలు ఏడాది దాటితే బలహీనపడతవి. ఆసవాలు మాత్రం పాతవైనకొద్దీ గుణవంతమవుతవి. మూలికలు సాధారణంగా కొత్తవే వాడాలి. పిప్పళ్ళు, వాయువిడంగాలు, బెల్లం, నెయ్యి, తేనె వంటివి పాతవి వాడాలి. ఒకే గ్రంథంలో ఒకే ఆచార్యుడు కొన్నిటికి కొత్తదనాన్ని, కొన్నిటికి పాతదనాన్ని విధించాడు. పాతవన్నీ మంచివనిగాని, కొత్తవన్నీ మంచివనిగాని చెప్పలేదు. ద్రాక్షాసవం, దశమూలారిష్టం మొదలైనవాటిని మట్టిబానలో పోసి, బెల్లమో తేనెయో చేర్చి, ధాతకీ పుష్పాలు వేసి, మూతికి సందు లేకుండా మట్టిగుడ్డ చుట్టి, ధాన్యపురాశిలో గాని భూమిలో గాని నెలరోజులు ఉంచే పద్ధతి ఉన్నది. జార్జియావారి మట్టిబానకు ఇది దూరపు బంధువు. ధాన్యపురాశి లోపల వేడిమి హెచ్చుతగ్గులు లేకుండా నిలకడగా ఉంటుందని తెలిసినవారే ఈ ఉపాయం చెప్పగలరు.

వైద్యగ్రంథాల దాకా పోనవసరం లేకుండానే మన ఇళ్ళలో ఈ లెక్క నడుస్తున్నది. కొత్త బియ్యపు అన్నం ముద్ద అవుతుంది. ఆరు నెలలో ఏడాదియో నిలువ ఉన్న బియ్యం నీరు ఎక్కువ పీల్చుకొని మెతుకు మెతుకుగా విచ్చుకొంటుంది. చింతపండు కొత్తది ఎఱ్ఱగా ఉండి పులిహోరకు రంగు తెస్తుంది, పాతది నల్లబడుతుంది. విశాఖకు పడమట అనకాపల్లి బెల్లానికి దేశమంతటా పేరున్నది. అక్కడ చెరకు పరిశోధన కేంద్రం 1913లోనే నెలకొన్నది. పాతబెల్లం తేలికగా అరుగుతుందని వైద్యం చెప్పినా, వానకాలపు చెమ్మ తగిలిన దిమ్మ చెమర్చి, కారి, పాడవుతుంది. పాతబడటం వేరు, పాడవటం వేరు అని అక్కడి వర్తకులకు ఒకరు చెప్పనవసరం లేదు. ఆవకాయకు కూడా ఆయుర్దాయమున్నది. వేసవిలో కలిపినప్పటి ఆవఘాటు వర్షాకాలానికి తగ్గి, ముక్క ఊరి, శీతకాలానికి దాని రుచి నిండుతుంది. మరుసటి వేసవికి ముక్క మెత్తబడుతుంది. నూనె వాసన మారుతుంది. దానిని మూడేళ్ళు దాచినవారిని ఎవరూ మెచ్చుకోరు. చింతకాయ, ఉసిరికాయ, నిమ్మకాయ, ఎండబెట్టిన మాగాయ అటువంటివి కావు. వాటికి ఏళ్ళు కలిసివస్తవి.

కాళిదాసు మాళవికాగ్నిమిత్ర నాటక ప్రస్తావనలో సూత్రధారుని నోట ఈ ప్రశ్ననే లేవనెత్తించాడు. అప్పటికి పేరుపడిన కవులుండగా ఈ కొత్తవాని నాటకమెందుకని సందేహం వస్తే, పాతదైనంత మాత్రాన మంచిదీ కాదు, కొత్తదైనంత మాత్రాన చెడ్డదీ కాదు, పరీక్షించి తెలుసుకోవాలి అనే భావం పలికించాడు. నాడు కొత్తవాడైన ఆ కవి నేడు అందరికంటె పాతవారిలో ఒకడైనాడు. ఇన్ని శతాబ్దాలు నిలిచిన ఆ నాటకం బూజు పట్టలేదంటే, అందులో పడిన సరుకు అటువంటిది.

విశాఖకు వచ్చిన జాడీలు

రకరకాల ప్రాంతాల పాత రుచులు ఒకచోట చేరి ఒకదానితో ఒకటి పరిచయమయ్యే అవకాశం పల్లెటూళ్ళలో తక్కువ. అందుకు వలస వచ్చినవారి పట్టణం కావాలి. తెలుగుదేశంలో అటువంటి పట్టణాలలో విశాఖపట్నం ముఖ్యమైనది. 1933లో ఓడరేవు ప్రారంభమైనది. రేవు ముఖద్వారాన్ని ఇసుకమేటనుంచీ కెరటాలనుంచీ కాపాడటానికి డాల్ఫిన్ నోస్ కొండ దాపున రెండు పాత ఓడలను ముంచి అడ్డుగోడగా చేశారు. పాతవాటికి అదీ ఒక సద్వినియోగం. ఇక్కడి నౌకానిర్మాణశాలలో తయారైన "జల ఉష" 1948లో నీటిలోనికి దిగినది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చినది. 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఉద్యమం చెలరేగి, 32 మంది ప్రాణాలు కోల్పోయినారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న కర్మాగారం జాతికి అంకితమైనది. రైల్వే, నావికాదళం సరేసరి.

ఇన్ని సంస్థలతోబాటు ఇన్ని ప్రాంతాల కుటుంబాలు వచ్చినవి. మనిషితోబాటు పెట్టె, పడక వస్తవి. వాటితోబాటు జాడీ వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరంవారి ఎండావకాయ, గోదావరి సీమవారి మాగాయ, గుంటూరువారి గోంగూర, పండుమిరపకాయ పచ్చళ్ళు, అల్లం వెల్లుల్లి దట్టించిన తెలంగాణావారి మామిడికాయ ఊరగాయ, ఇవన్నీ ఉక్కునగరంలో ఒకే వీథిలో ఉండవచ్చు. వాటి ప్రక్కనే ఉప్పులో ఊరి ఎండి నల్లబడిన ఒడియావారి అంబులా మామిడిముక్కలు, వంగదేశీయుల ఆవపిండి కాసుంది, ఆవనూనెలో సోంపు, నల్లజీలకర్ర వేసి పెట్టే బీహారువారి ఊరగాయ, భరణిలో ఉప్పునీట మునిగి ఉన్న మలయాళీల లేతమామిడికాయలు, తమిళుల మావడు చేరినవి. మామిడికాయ ఒక్కటే, ఉప్పు ఒక్కటే. ఎవరి ఎండ, ఎవరి నూనె, ఎవరి ఓపిక వారిది.

ఈ పట్టణపు గాలిలో ఉప్పు ఉన్నది. కిటికీ ఊచలకు రంగు వేసిన కొద్దికాలానికే తుప్పు పడుతుంది. ఉక్కును తయారుచేసే ఊరిలోనే ఇనుమును నిలుపుకోవటం కష్టం. ఇనుమును తినివేసే ఆ ఉప్పే మామిడిముక్కను ఏడాదిపాటు కాపాడుతున్నది. కాని ఉప్పుతోబాటు చెమ్మ కూడా సముద్రంనుంచే వస్తుంది. లోనాటి పల్లెలలో పెట్టినంత తేలికగా ఇక్కడ ఊరగాయ పెట్టరాదు. ముక్క మరొక ఎండ ఎక్కువ ఎండాలి. నూనె ముక్కపైన నిలవాలి. వానకాలం జాడీమూతిని పొడిగుడ్డతో తుడుస్తూ ఉండాలి. కొత్తగా వచ్చిన ఇల్లాలికి ఈ సంగతులు పుస్తకాలలో దొరకవు. ప్రక్కింటి పెద్దావిడ చెప్పవలసినదే.

పంచుకొనే వేళ

వేసవి సెలవులు గడచి పిల్లలు బడికి తిరిగివచ్చే జూన్ నెలలో ఈ పంపకం జోరుగా సాగుతుంది. ఊరినుంచి ఊరగాయ వస్తుంది. "పిన్నిగారూ, మా అమ్మ పంపిన మాగాయ, రుచి చూడండి" అని ఒక గిన్నె వెళ్తుంది. గిన్నెను ఖాళీగా తిరిగి పంపరాదు గనుక, దానిలో వారి ఊరి పచ్చడి తిరిగి వస్తుంది. ఆ పూట భోజనంలో నిరుటిదీ ఈ ఏటిదీ ప్రక్కప్రక్కన వేసుకొని, ఏది ఎట్లా ఊరినదో చర్చ జరుగుతుంది. ఉప్పు ఒక పిసరు ముందున్నదనీ, ఆవాలు కొత్తవనీ, కాయ ఫలానా రకం కాదనీ తీర్పులు వెలువడతవి. ఐరోపాలో పాతమద్యం సీసా తెరచినవారు నలుగురిని పిలిచి, వేరువేరు ప్రాంతాలవీ సంవత్సరాలవీ వరుసగా పెట్టి పోల్చిచూచేది ఇదే విధంగా. మూత తీసిన సీసా ఎక్కువరోజులు నిలువదు. ఒక్కడు దాచుకొని త్రాగటానికి అది తగదు. మన జాడీ తెరిచినా నిలుస్తుంది. పంచకపోయినా నష్టం లేదు. అయినప్పటికీ పంచటం మన మర్యాద. అందులో కొంత గర్వం ఉన్నదనేదీ నిజమే.

ఈ మర్యాద ఇప్పుడు తగ్గుతున్నది. అంతస్తుల ఇళ్ళలో ఎండ పడే డాబా అందరిదీ. అందరిదైనచోట ముక్కలు ఆరబోసి కాపలా కాయటం ఎవరి పనీ కాదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట మూడునాళ్ళ పని పెట్టుకొనే వ్యవధి లేదు. ఉప్పు తగ్గించమని వైద్యులు చెప్పుతున్నారు, అదీ కాదనరానిదే. పెద్దవారికి రోజుకు అయిదు గ్రాములకు లోపల ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. రక్తపుపోటు ఉన్నవారు ఊరగాయను కూరవలె కలుపుకోవటం మంచిది కాదు. నిజానికి పాత పచ్చడి గుణమే అది. గోటితో తీసినంత వేసుకొంటే ముద్దంతటికీ రుచి వస్తుంది. పథ్యానికి మన పెద్దలు పెట్టినదీ అంతమాత్రమే.

దుకాణంలో సీసా దొరుకుతున్నది గదా, ఇక చింత ఏమిటని అడుగవచ్చు. దొరుకుతున్నది పచ్చడి. దొరకనిది దానిని ఊరబెట్టే తెలివి. మన ఇళ్ళలో ఉప్పుపాళ్ళు కాగితంమీద లేవు. అవ్వ చేతిలో ఉన్నవి. కాయ పులుపును నాలుకతో చూచి, "ఈ ఏడు కాయ పులుపెక్కువ, ఉప్పు మరొక చారెడు పడాలి" అని ఆమె అంటుంది. ఆమె పోయిన తరువాత ఆమె పెట్టిన చివరి జాడీ కొంతకాలం ఉంటుంది. అది అడుగంటిననాడు ఒక విద్య ఆ ఇంటిలో ముగుస్తుంది. దానిని తిరిగి రప్పించటం ఎవరి వశమూ కాదు.

ఉపాధ్యాయులు తలచుకొంటే ఈ నష్టం కొంత తగ్గించవచ్చు. మీ ఇంట ఉన్న తినే పదార్థాలలో అన్నిటికంటె పాతది ఏది, దానిని ఎవరు పెట్టారు, ఏ సంవత్సరం పెట్టారు, చెడకుండా ఎట్లా నిలిచినది అనే నాలుగు ప్రశ్నలు పిల్లలకు ఇచ్చి, పెద్దలను అడిగి వ్రాసుకొని రమ్మనవచ్చు. ఉప్పుపాళ్ళు ఎంతో కొలిపించి వ్రాయించవచ్చు. పచ్చి మామిడిముక్కకు ఉప్పు రాసి గంటసేపు పళ్ళెంలో ఉంచితే, అడుగున చేరిన నీరే ద్రవాభిసరణ పాఠం చెప్పుతుంది. చింతపండు, ద్రాక్ష ప్రక్కప్రక్కన పెట్టి పాశ్చరు కథ చెప్పవచ్చు. ఆ తరువాత తెలుగు తరగతిలో, వాచకంలోని పద్యాలను గురించీ ఇదే పరీక్ష పెట్టవచ్చు. ఇది ఇన్నాళ్ళు ఎందుకు నిలిచినది? అందులో ఏ ఉప్పు ఉన్నది? మనం ముట్టుకొనేటప్పుడు తడిచేయి పెట్టుతున్నామా? కొన్ని నిజంగానే బూజు పట్టి ఉండవచ్చు. అటువంటివాటిని పారవేయటానికి జంకనక్కరలేదు. ఏ ఇల్లాలూ బూజు పట్టిన పచ్చడిని పాతదనే గౌరవంతో వడ్డించదు.

ఈమారు వెనుక బెంచీలోనుంచి ఎవరైనా "పాత చింతకాయ పచ్చడి" అంటే పంతులుగారు కోపగించనవసరం లేదు. "ఎన్నేళ్ళది నాయనా?" అని అడిగి, మరునాడు ఒక చిన్న గిన్నెలో తెమ్మంటే సరిపోతుంది.